కథల పుస్తకం మధ్యలో ఆపేసిన అబ్బాయికి

చిరంజీవికి,

ఆశీస్సులు. ఒక్క రాత్రిలో మూడు కథలు చదివి, ఏమీ ఎక్కక పుస్తకం మూసేశానని, "నాకంత బుర్ర లేదేమో పెద్దమ్మా" అని రాశావు. నీ బుర్రకేం లోటు లేదు. నవల చదివే వేగంతో కథలు చదివావు, అంతే. నవలలో మనుషులతో ఒకసారి పరిచయమైతే చివరిదాకా వాళ్లే ఉంటారు. ఇక్కడ పది పేజీలకోసారి కొత్త మనుషులు, కొత్త గొంతు. మొదటి కథ ఇంకా మనసులో తిరుగుతుండగానే రెండోది మొదలుపెడితే రెండూ కలగలిసిపోతాయి. రోజుకి ఒకటి చాలు. ముందుమాట ఆఖరున చదువు. రాసినవాళ్లు మొహమాటం లేకుండా ముగింపులన్నీ చెప్పేస్తారు.

మొదటిసారి చదివేటప్పుడు "దీని అర్థమేంటి" అని టెన్షన్ పడకు. కథ ఎవరు చెబుతున్నారు, వాళ్లకి ఏం తెలుసు, ఏం దాస్తున్నారు అన్నది గమనించు చాలు. పూర్తవగానే మొదటి పేజీకి వెళ్లి మళ్లీ చదువు. ఇందాక ఊరికే పెట్టారనుకున్న వాక్యం ఇప్పుడు వేరేగా వినిపిస్తుంది. నా మట్టుకు నాకు కథ తెరుచుకునేది ఎక్కువగా అక్కడే.

అసలు కష్టం చెప్పకుండా వదిలేసిన వాటితో. అమెరికన్ రచయిత హెమింగ్వే రాసిన, 1927లో అచ్చైన "హిల్స్ లైక్ వైట్ ఎలిఫెంట్స్" కథలో ఒక జంట స్పెయిన్‌లోని రైల్వే స్టేషన్‌లో కూర్చుని మాట్లాడుకుంటారు. విషయం గర్భస్రావం. ఆ మాట కథ మొత్తంలో ఎక్కడా రాదు. అతను "ఆపరేషన్" అంటాడు, ఆమె కొండల గురించి మాట్లాడుతుంది. ఇలాంటి కథల్లో ఎవరు ఎక్కడ మాట మారుస్తున్నారో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టుకో. ఎవరు ఎక్కడ మౌనంగా ఉండిపోయారో అక్కడా పెట్టుకో. ఆ గీతల్ని వరసగా చూస్తే సగం కథ దొరుకుతుంది. మిగతా సగం దొరక్కపోయినా ఫర్వాలేదు. కొన్ని కథలు నాకు ఇప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు, అయినా మళ్లీ మళ్లీ చదువుతుంటాను.

వీలైనంత వరకు రచయిత పెట్టిన వరసలోనే వెళ్లు. 1914లో వచ్చిన ఐరిష్ రచయిత జాయిస్ కథల పుస్తకం "డబ్లినర్స్"లో 15 కథలున్నాయి. మొదటి మూడూ ఒక పిల్లవాడి గొంతులో నడుస్తాయి, తర్వాత మెల్లగా పెద్దవాళ్ల లోకంలోకి వెళతాం. అన్నిటికంటే పెద్ద కథ చివరిది. ఇష్టమొచ్చిన చోట తెరిచి చదివితే ఆ ఎదుగుదల కనబడదు. అలాగని ఒక కథ దగ్గర మొండిగా కూర్చోనక్కర్లేదు. రెండుసార్లు చదివినా కదలకపోతే దాటేసి, పుస్తకమంతా అయ్యాక మళ్లీ చూడు.

అప్పటికీ నచ్చకపోతే నచ్చలేదనే చెప్పు. కష్టంగా ఉన్న ప్రతి కథా గొప్పది కాదు. కొన్ని నిజంగానే సరిగ్గా రాయనివి. ఆ మాట అనడానికి భయపడి తల ఊపేవాళ్లని చాలామందిని చూశాను.

ఇప్పుడు ఆ మూడింటినీ పక్కన పెట్టి నాలుగోది మొదలుపెట్టు. చదివాక కథ సారాంశం రాయకు నాకు. నువ్వు గీత పెట్టిన ఒక వాక్యం రాసి పంపు, అక్కడ ఎందుకు ఆగావో చెప్పు.

మీ పెద్దమ్మ