కాటేరు క్వారీ గురించి రాసిన అమ్మాయికి

అమ్మాయీ, ఆశీస్సులు.

‘లక్షల ఏళ్ల చరిత్రకు మౌనసాక్షి ఈ శిల’ అన్న వాక్యం దగ్గర నీ కాగితాలు పక్కన పెట్టేశాను. లక్షలు కాదమ్మా, కోట్లు. రాజమండ్రి చుట్టుపక్కల కాటేరులో, పంగిడిలో, దుద్దుకూరులో తవ్వే నల్లరాయి సుమారు 6.5 కోట్ల ఏళ్ల నాటి లావా. అంకె తప్పితే దిద్దుకోవచ్చు. ఆ వాక్యం రాసేటప్పుడు నీ కళ్లు రాయి మీద లేవు, అదీ నా కోపం. మౌనసాక్షి అన్న మాట కోటగోడకూ మర్రిచెట్టుకూ కూడా అతుకుతుంది.

రాత్రి మళ్లీ తీసి చదివాను. రెండు నల్లరాతి పొరల మధ్య సున్నపురాయి, అందులో ఆల్చిప్ప, చాకుతో గీస్తే తెల్లటి పొడి రాలిందన్నావు. అక్కడ ఆగిపోయాను. కింది లావా చల్లారాక, పై లావా ముంచెత్తేలోగా అక్కడ ఉప్పునీరు చేరింది, గుల్లలు పుట్టి పెరిగాయి. ఇంత కథ ఆ పొర ఉన్న చోటును, అందులోని ఆల్చిప్పను బట్టే తెలుస్తోంది. మరి దాని మందమెంత? అడుగు నుంచి ఎంత ఎత్తున ఉంది? ఒక్క ముక్కా రాయలేదు.

ఆ లావా పడమటి దక్కన్ నుంచి దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారి వచ్చిందని శాస్త్రవేత్తలు అంటారు. రెండు చోట్ల రాళ్ల రసాయన కూర్పు కలవడం వారికి ఆధారం. క్వారీ గట్టున నిలబడితే అది కనబడదు. చూసినది చూసినట్టు రాయాలి, తెలుసుకున్నది ఎవరి వల్ల తెలిసిందో చెప్పి రాయాలి. రెండూ కలిపేస్తే నీ ఆల్చిప్పను కూడా ఎవరూ నమ్మరు.

నేను గోదావరి లంకలో పుట్టినవాణ్ణి. ధవళేశ్వరం దిగువన అంతా ఒండ్రే కదా, మా ఊళ్లో గులకరాయి దొరికితే పిల్లలం జేబులో దాచుకునేవాళ్లం. అందుకే కాబోలు, పంగిడి క్వారీల చుట్టూ రెండు వేసవులు తిరిగాను. పొర పొరకూ కొలతలు వేసి రాసి పంపితే ఒక వారపత్రిక సంపాదకుడు అడుగులూ అంగుళాలూ అన్నీ కొట్టేసి, ‘ప్రకృతి ఒడిలో’ అని పేరు పెట్టి అచ్చువేశారు. ఆ కోపం ఇప్పటికీ తీరలేదు. 1986 వరదలో నా నోటుపుస్తకాలు పోయాయి. మిగిలింది ఆ అచ్చుకాగితమే. అందులో నా పరవశం ఉంది, ఎర్రమట్టి పొర గుల్లల పైన ఉందో కింద ఉందో మాత్రం లేదు. చూసి వద్దామని వెళ్తే ఆ గోడే లేదు. కంకరగా కొట్టి పట్టుకుపోయారు.

పుస్తకం ఎప్పుడు వేయాలని అడిగావు. ఆ సంగతి తర్వాత. వానలు పడి క్వారీలో నీళ్లు నిలవకముందే టేపు పట్టుకుని కాటేరు వెళ్లు. ఆ ఆల్చిప్ప పై నల్లరాయికి ఎన్ని అంగుళాల దిగువన ఉందో కొలిచి, ఒక కార్డు ముక్క మీద రాసి పంపు.