మారిపోయావంటోంది.. మా ప్రేమ నిలబడాలంటే?

ప్రశ్న: నా వయసు 29. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం. ఐదేళ్లుగా ఒకమ్మాయిని ప్రేమిస్తున్నాను. ఇరువైపులా పెద్దలు ఒప్పుకున్నారు. ఆర్నెల్లుగా ప్రతి చిన్నదానికీ గొడవే. తను చెప్పినవి మర్చిపోతున్నానని, విసుక్కుంటున్నానని, మనిషినే మారిపోయానని అంటోంది. పెళ్లి గురించి మళ్లీ ఆలోచిద్దామంది. నైట్ షిఫ్టులతో నిద్ర పట్టక, స్నేహితుడు చెబితే అప్పటి నుంచే ఆల్ప్రాజోలామ్ 0.5 మి.గ్రా. వేసుకుంటున్నాను. ఇప్పుడు రెండు వేసుకుంటే గానీ నిద్ర రావడం లేదు. ప్రేమలు ఎందుకు తెగిపోతాయి? మా బంధం గట్టిపడాలంటే ఏం చేయాలి?
- ఓ పాఠకుడు

జవాబు: మీరు అడిగింది ప్రేమ గురించి. నా చూపు మాత్రం ఆ మాత్ర దగ్గరే ఆగిపోయింది. ఒకటి రెండయిందంటే శరీరం దానికి అలవాటు పడుతోందని అర్థం. అలాగని ఇది చదివి ఈ రాత్రే మానేయకండి. ఇన్నాళ్లు వాడిన మందును ఒక్కసారిగా ఆపితే వణుకు, చెమటలు, ఆందోళన మొదలవుతాయి. కొందరికి ఫిట్స్ కూడా రావచ్చు. డాక్టరు పర్యవేక్షణలో వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గించుకోవాలి.

ఈ మందు వేసుకున్నాక కొన్ని గంటలపాటు విన్న మాటలు కొందరికి గుర్తుండవు. మాత్ర మింగి, నిద్ర పట్టేలోగా మీరు ఆమెతో ఫోనులో మాట్లాడుతుంటారా? అయితే మర్నాటికి ఆ మాటలు గుర్తులేకపోవడం ప్రేమ తగ్గడం వల్ల కాకపోవచ్చు. మందు ప్రభావం తగ్గే వేళ చిరాకు కూడా ఉంటుంది. అంతా మాత్ర వల్లేనని మిమ్మల్ని పరీక్షించకుండా చెప్పలేను. డిప్రెషన్, థైరాయిడ్ లోపం, బీ12 తక్కువ కావడం కూడా మనిషిని ఇలా మార్చగలవు. ఆ రెండు రక్తపరీక్షలూ చేయించుకోండి.

ఇది షెడ్యూల్ హెచ్1 మందు. చీటీ లేకుండా అమ్మకూడదు. ఎవరికి అమ్మారో షాపువారు రిజిస్టరులో రాసి మూడేళ్లు భద్రపరచాలి. స్ట్రిప్ మీద ఎర్ర గీతల గడిలో హెచ్చరిక ఉంటుంది. కోడింగులో ఒక కామా తప్పినా పట్టుకునేవారు, నోట్లో వేసుకునే దాని మీద ఏం రాసుందో చూడకపోతే ఎలాగండీ? మద్యం అలవాటు ఉందో లేదో మీరు రాయలేదు. ఈ మాత్రకు మద్యం తోడైతే ఊపిరి మందగించి ప్రాణం మీదికి వస్తుంది.

ఇక మీ ప్రశ్న. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ గాట్‌మన్ దశాబ్దాలపాటు జంటల మాటతీరును గమనించారు. చేసిన పనిని వదిలి మనిషినే తప్పుపట్టడం, చులకన చేయడం, ప్రతిదానికీ తనను తాను సమర్థించుకోవడం, ఉలుకూ పలుకూ లేకుండా బిగుసుకుపోవడం.. ఈ నాలుగూ బంధాన్ని తినేస్తాయంటారు. వాటిలో చులకనే అన్నిటికన్నా చెడ్డదట. అరుచుకున్నవాళ్లు మర్నాడు కలిసిపోవచ్చు. ‘నీకేం తెలుసులే’ అని పెదవి విరిస్తే మాత్రం అది లోపలే ఉండిపోతుంది. గుండె దడదడలాడుతుండగా వాదించకండి. ‘అరగంటాగి మాట్లాడతాను’ అని చెప్పి లేవండి, అరగంటకు తిరిగి రండి. చాలామంది లేచి వెళ్లడమే నేర్చుకుంటారు.

మాత్రల సంగతి ఆమెకు చెప్పారా? చెప్పకపోతే అక్కడి నుంచే మొదలుపెట్టండి. ఈ వారంలోనే సైకియాట్రిస్టును కలవండి, వస్తానంటే ఆమెనూ తీసుకెళ్లండి. ఈలోగా మనసు మరీ కుంగితే, చనిపోవాలన్న ఆలోచన వస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు ఖాళీ స్ట్రిప్‌లు కూడా పట్టుకెళ్లండి. ఎన్ని వాడారో మీ జ్ఞాపకం కన్నా అవే సరిగ్గా చెబుతాయి.