బీరు మానేసి రోజూ రెండు గ్లాసుల రెడ్ వైన్: పొట్ట ఎందుకు తగ్గదు?

మీరు అడిగింది క్లుప్తంగా: శని, ఆదివారాల్లో ఒక్కో స్ట్రాంగ్ బీరు తాగేవారు. గుండెకి మంచిదని ఎవరో చెబితే అది మానేసి, రోజూ రాత్రి రెండు గ్లాసుల రెడ్ వైన్‌కి మారారు. మూడు నెలల్లో పొట్ట తగ్గకపోగా రెండు కిలోలు పెరిగారు. షుగర్ మాత్రలు కూడా వాడుతున్నారు. వైన్‌లో పంచదార ఎక్కువేమో అని మీ అనుమానం.

పంచదార కాదండీ. డ్రై, అంటే తీపి లేని రెడ్ వైన్‌లో లీటరుకి కొద్ది గ్రాములే ఉంటుంది. పోర్ట్ అని అమ్మే తీపి రకాలైతే వేరే లెక్క, వాటి జోలికి వెళ్లకండి. మీ కేలరీలు ఆల్కహాల్ నుంచే వస్తున్నాయి. గ్రాము పిండిపదార్థానికి 4 కేలరీలు, నూనెకి 9 అయితే ఆల్కహాల్‌కి 7. చాలా సీసాల మీద కేలరీలు ఉండవు, ఆల్కహాల్ శాతం మాత్రం ఉంటుంది. అది చాలు: మిల్లీలీటర్లని శాతంతో గుణించి, వచ్చినదాన్ని మళ్లీ 0.055తో గుణించండి. 13 శాతం వైన్ 150 మి.లీ. తాగితే 107 వస్తుంది. వైన్‌లో ఉండే మిగతా పదార్థాలూ కలిపితే 120 దాకా వేసుకోవచ్చు.

అసలు తేడా కొట్టేది గ్లాసు దగ్గర. లెక్కల్లో గ్లాసంటే 150 మి.లీ., అంటే 750 మి.లీ. సీసాకి ఐదు గ్లాసులు. బొజ్జ గ్లాసులో 150 పోస్తే అడుగున ఉన్నట్టే కనిపిస్తుంది, అందుకని చెయ్యి ఆగదు. ఒకసారి కొలపాత్రతో 150 మి.లీ. నీళ్లు మీ గ్లాసులో పోసి, ఆ మట్టం దగ్గర బయటివైపు మార్కర్‌తో గీత పెట్టండి. మీ సీసా రెండు రాత్రుళ్లకే ఖాళీ అవుతోందంటే, మీరు గ్లాసుకి 190 దాకా పోస్తున్నట్టు.

సగటున అంతే అనుకుందాం. రోజుకి 380 మి.లీ., దాదాపు 300 కేలరీలు, వారానికి 2,100. మునుపటి మీ బీర్లు? 8 శాతం స్ట్రాంగ్ బీరు 650 మి.లీ. సీసాకి ఆల్కహాల్ కేలరీలే 286, అందులోని పిండిపదార్థం కలిపితే 350 పైన. వారానికి రెండంటే 700, మహా అయితే 750. బీరు కంటే వైన్ తేలికే కావచ్చు గానీ, వారానికి రెండు రోజుల అలవాటు ఏడు రోజులైంది. శరీరంలో కిలో కొవ్వంటే సుమారు 7,700 కేలరీలు. ఈ లెక్కన మూడు నెలల్లో రెండు కిలోలు పెరగడంలో వింతేం లేదు.

దీనికి తోడు ఇంకోటుంది. ఆల్కహాల్‌ని దాచుకునే చోటు ఒంట్లో లేదు. అందుకని కాలేయం ముందు దాని పనే పడుతుంది, కొవ్వు కరిగించే పని వెనక్కి పోతుంది. గంటకి ఖర్చయ్యేది సుమారు 7 నుంచి 10 గ్రాములు. మీ రెండు గ్లాసుల్లో 39 గ్రాములు ఉంటుంది. తొమ్మిదింటికి మొదలుపెడితే ఒంటి గంట దాటేదాకా ఆ పనే. ఈలోపు మీరు తిన్న బిర్యానీలోని నూనె నేరుగా నిల్వలోకి పోతుంది.

మంచింగ్ సంగతి చెప్పక తప్పదు. మన విశాఖలో వైన్ ఒక్కటే తాగేవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. గుప్పెడు వేయించిన పల్లీలు, 50 గ్రాములంటే 290 కేలరీలు, అంటే మీ వైన్ అంత! జీడిపప్పు ఫ్రై, రొయ్యల వేపుడు, బీచ్ రోడ్డు నుంచి తెచ్చిన బజ్జీలు ఆపైన. అదే ఉడికించిన సెనగల గుగ్గిళ్లు, కీరా ముక్కలు, పెనం మీద చెంచా నూనెతో కాల్చిన వంజరం ముక్క అయితే సరిపోతుంది. వైన్ ఘాటుగా ఉందని కూల్‌డ్రింక్ కలిపేవాళ్లూ ఉన్నారు. చాలా కూల్‌డ్రింకుల్లో 100 మి.లీ.కి 10 గ్రాముల దాకా పంచదార. ఆ ఘాటు మన ఎండల వల్లే. రెడ్ వైన్ 16–18 డిగ్రీల దగ్గర బాగుంటుంది, మన గదుల్లో 30 దాటుతుంది. తాగే ముందు అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. మూత తీసిన సీసా కూడా ఫ్రిజ్‌లోనే, మూడు నాలుగు రోజులు నిలుస్తుంది. పాడైపోతుందని ఒక్క రాత్రే ఖాళీ చెయ్యక్కర్లేదు.

గుండెకి మంచిదన్న మాట 1990ల నాటిది. ఫ్రెంచివాళ్లు కొవ్వు తిన్నా గుండెజబ్బులు తక్కువన్నారు, రెడ్ వైన్‌లో ద్రాక్ష తొక్కల నుంచి వచ్చే రెస్వెరట్రాల్ అనే పదార్థానికి ఆ పేరొచ్చింది. కానీ అది లీటరుకి కొన్ని మిల్లీగ్రాములే, ప్రయోగాల్లో వాడే మోతాదు వందల మిల్లీగ్రాములు. పైగా పాత అధ్యయనాల్లో ‘తాగనివాళ్ల’ లెక్కలో జబ్బు చేసి మానేసినవాళ్లూ కలిసిపోయారు. ఆల్కహాల్‌లో సురక్షితమైన మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో తేల్చి చెప్పింది. రొమ్ము క్యాన్సర్ విషయంలో తక్కువ మోతాదుకీ ముప్పు పెరుగుతుంది. నన్నడిగితే, గుండె కోసమని వైన్ మొదలుపెట్టడం శుద్ధ దండగ.

మీ విషయంలో బరువు కంటే షుగర్ మాత్రలే నాకు ఎక్కువ భయం. గ్లిమిపిరైడ్ లాంటివి వేసుకుని ఖాళీ కడుపుతో తాగితే, ఆల్కహాల్ పనిలో ఉన్న కాలేయం కొత్త గ్లూకోజ్ తయారు చెయ్యలేక నిద్రలో షుగర్ పడిపోవచ్చు. చెమటలు, వణుకు, మాట తడబడడం చూసి ఇంట్లోవాళ్లు మత్తనుకుంటారు, ప్రమాదం అక్కడే. మెట్‌ఫార్మిన్‌తో ఎక్కువ తాగితే లాక్టిక్ ఆసిడోసిస్, అంటే రక్తంలో లాక్టిక్ ఆమ్లం ప్రమాదకరంగా పేరుకుపోయే ముప్పు. తాగడం కోసం మాత్ర ఎగ్గొట్టడం ఇంకా తప్పు. డాక్టరుకి వైన్ సంగతి దాచకుండా చెప్పండి, ఆయన మానెయ్యమంటే మానెయ్యాల్సిందే. ఆయన ఒప్పుకున్నా రోజువారీ అలవాటు వద్దు. వారానికి ఒకటో రెండో రోజులు, గీత దాకా ఒక్క గ్లాసు, అదీ భోజనంతోనే.

నెల తర్వాత తూకంతో పాటు టేపు కూడా పట్టండి. బెల్టు దగ్గర కాదు, చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యన, ఊపిరి వదిలాక. మన మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటకూడదు. రక్తంలో కొవ్వులు చూసే లిపిడ్ ప్రొఫైల్, కాలేయం పరిస్థితి చూసే ఎస్‌జీపీటీ, జీజీటీ పరీక్షలు కూడా చేయించండి. రక్తం ఇచ్చే ముందు కనీసం 24 గంటలు చుక్క ముట్టొద్దు, లేకపోతే ట్రైగ్లిజరైడ్స్ అనే రక్తంలోని కొవ్వు ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు.