మేనమామ పియానో ఇల్లు చేరేదెలా?

ప్రశ్న: అన్నా, నమస్తే. మిర్యాలగూడలో మా మేనమామ ఇల్లు అమ్ముతున్నారు. మొదటి అంతస్తులో ఉన్న పాత పియానోను (గోడకు ఆనించి పెట్టే నిలువు రకం) మా పాపకు ఇస్తానన్నారు. పాప చర్చిలో కీబోర్డు నేర్చుకుంటోంది. మాది నల్లగొండ, గ్రౌండ్ ఫ్లోరే. ప్యాకర్స్ వాళ్లు చెప్పిన రేటు విని మా ఆయన, ఇద్దరు మరుదులు, మా తమ్ముడు, వాళ్ల దోస్తులు ‘మేమే ఎత్తుకొస్తాం’ అని కూర్చున్నారు. కింద చక్రాలు కూడా ఉన్నాయి. నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, నల్లగొండ

జవాబు: చెల్లెమ్మా, మీవాళ్లతోనే తెప్పించుకోవచ్చు. మెట్లు దించే పని మాత్రం వాళ్లకు అప్పగించకండి. అక్కడ డబ్బులు పెట్టాల్సిందే.

నేను మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో ఫిట్టర్‌గా పనిచేసినవాణ్ని. బరువులు దించడం ఎన్నోసార్లు చూశాను. పియానో చూడటానికి చెక్క బీరువాలా ఉంటుంది గానీ లోపలున్నది ఇనుము. 88 మీటలకు 200 పైచిలుకు తీగలుంటాయి. అవన్నీ కలిసి లాగే బలం 15 టన్నుల పైమాటే. దాన్ని తట్టుకోవడానికి పోత ఇనుప చట్రం బిగిస్తారు. నిలువు పియానో మామూలుగా 200 కిలోల చుట్టూ ఉంటుంది, పాతకాలం ఎత్తు పియానోలైతే 300 దాకా పోతాయి. ఆ చట్రం వెనకవైపు ఉంటుంది కాబట్టి కొంచెం ఒరిగితే చాలు, వెనక్కే పడుతుంది. ముందువైపు అందంగా చెక్కిన కాళ్లను పట్టుకుని ఎత్తకూడదు, ఊడొస్తాయి. వెనకకు వెళ్లి చూస్తే చాలా పియానోలకు చేయి పట్టేలా పిడులుంటాయి. పట్టుకోవాల్సింది వాటినే.

ముందు టేపు తీసుకుని మేనమామ ఇంటికి వెళ్లండి. పియానో సుమారు ఐదడుగుల పొడవు, నాలుగడుగుల ఎత్తు, రెండడుగుల లోతు ఉంటుంది. మెట్లు మలుపు తిరిగే చోట ఐదడుగుల ఖాళీ లేకపోతే అది తిరగదు. అప్పుడు బాల్కనీ వైపు నుంచి హైడ్రా క్రేన్‌తో దించడమే మార్గం. మలుపు సరిపోతే మిల్లుల దగ్గర మిషన్లు దించే బ్యాచ్‌ను అడగండి. బస్తాలు మోసే హమాలీలు వేరు, వీళ్లు వేరు. బస్తా ఒక్క మనిషి వీపు మీది పని, పియానో అలా కాదు. మిషన్ల బ్యాచ్ మోకులు, దుంగలు తామే తెచ్చుకుంటారు, మేస్త్రి ఒక్కడే అరుస్తాడు. మీ ఇంటి బ్యాచ్‌లో అందరూ అరుస్తారు. మరుదులను ఏమీ అనలేరు, నాకు తెలుసు. అందుకే ఆ గంటసేపు వాళ్లను టిఫిన్ తేవడానికి పంపండి.

మీరడిగిన చక్రాల సంగతి. ఊడ్చేటప్పుడు జానెడు జరపడానికే అవి. గడప మీద తోస్తే పుటుక్కుమంటాయి, టైల్స్ మీద గీతలు పడతాయి. ఫర్నిచర్ షాపుల వాళ్ల దగ్గర నాలుగు చక్రాల చెక్క ట్రాలీ ఉంటుంది, అద్దెకు తెచ్చుకోండి. పియానోను నాలుగు వేళ్ల ఎత్తు లేపి ట్రాలీని దాని కిందికి తోస్తే చాలు, తర్వాత మోసే పనే లేదు. మూతకు తాళం వేసి, మొత్తం బొంతలు చుట్టి, పైన తాడు కట్టండి. బొంతలకు మీ ఇంట్లో కరువుండదు కదా.

బండి విషయానికొస్తే ఛోటా హాథీలో అడ్డంగా పట్టదు. బొలెరో పికప్ పిలవండి. పియానో వీపు డ్రైవర్ క్యాబిన్ వైపు ఉండేలా నిలబెట్టి రెండు చోట్ల బిగించాలి. పడుకోబెట్టనివ్వకండి. దోస్తులు వెనకెక్కి ‘పట్టుకుంటాం’ అంటారు, ఎక్కనివ్వకండి. సడన్ బ్రేక్ పడితే 200 కిలోలను ఎవరూ పట్టలేరు. అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డు నాలుగు వరుసలది కాబట్టి ఇబ్బంది లేదు, ఊళ్లో స్పీడ్ బ్రేకర్ల దగ్గర మాత్రం నెమ్మదిగా పొమ్మనండి. బ్యాచ్‌లో ఇద్దరిని నల్లగొండ దాకా తెచ్చుకుంటే దింపడానికి వెతుక్కోనక్కర్లేదు. వడ్లు మార్కెట్‌కు వచ్చే రోజుల్లో బండి, మనిషి రెండూ దొరకవు, దొరికినా రేటు వాళ్లు చెప్పిందే.

ఇవన్నీ చేసే ముందు ఇంకో పని ఉంది. మోకాళ్ల దగ్గరుండే కింది చెక్కకు ఒక స్ప్రింగు పట్టీ ఉంటుంది. దాన్ని పైకి నొక్కితే చెక్క చేతికొస్తుంది. లోపల టార్చ్ వేసి చూడండి. ఎలుకలు గూడు పెట్టి ఉంటే ఊలు గుడ్డ, దూది, పెంటికలు కనబడతాయి. తీగలకు బాగా తుప్పు పట్టినా, శ్రుతి బిగించే పిన్నులు వదులైనా రిపేరుకు చాలా అవుతుంది. హైదరాబాద్ నుంచి ట్యూనర్‌ను మేనమామ ఇంటికే పిలిపించి చూపించండి. బాగాలేదంటే అక్కడే వదిలేయండి. మేనమామకు కోపమొస్తుంది, రానీండి.

తెచ్చాక వెంటనే శ్రుతి చేయించకండి. కొత్త గది గాలికి చెక్క అలవాటు పడాలి, రెండు మూడు వారాలు ఆగండి. కిటికీ ఎండ తగలని లోపలి గోడకు పెట్టండి. ఎండాకాలం ఆ గదిలో కూలర్ వేయకండి. ఆ తడిగాలికి చెక్క ఉబ్బి మీటలు బిగుసుకుపోతాయి. పాపకు ఉక్కపోస్తే ఫ్యాన్ చాలు.