అంబాసిడర్ ఐడ్లింగ్ దిగడం లేదా? స్క్రూలు వదిలేసి ముందు గాలి సంగతి చూడండి

మీ బండి 1984 మార్క్ 4 పెట్రోల్, ఎస్‌యూ రకం కార్బొరేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజన్‌లోకి పంపే భాగం). పొద్దున చల్లగా ఉన్నప్పుడు తెలియడం లేదు, వేడెక్కాక మాత్రం సిగ్నల్ దగ్గర ఆపినా ఇంజన్ రేస్ దిగడం లేదు. ఐడ్లింగ్ (కాలు తీసేశాక ఇంజన్ తిరిగే వేగం) తగ్గించే స్క్రూ మొత్తం విప్పేసినా అంతే. మెకానిక్ కార్బొరేటర్ మార్చమంటున్నాడు, మార్చాలా అని అడిగారు.

ఇప్పుడే మార్చకండి. మా నాన్నగారి మార్క్ 4కి సరిగ్గా ఇదే జబ్బు వచ్చి, రెండేళ్లు షెడ్ల చుట్టూ తిరిగాం. చివరికి దొరికిన లోపం చాలా చిన్నది.

యాక్సిలరేటర్ మీద కాలు తీసేశాక ఇంజన్ ఎంత వేగంతో తిరగాలన్నది లోపలికి వెళ్లే గాలి మీదే ఆధారపడి ఉంటుంది. బటర్‌ఫ్లై (కార్బొరేటర్‌లో గాలి దారిని తెరిచి మూసే రేకు) దగ్గర మిగిలిన సన్నటి సందులోంచి వెళ్లే గాలితో 700 ఆర్‌పీఎం దరిదాపుల్లో తిరగాలి. స్క్రూ పూర్తిగా విప్పినా దిగలేదంటే బటర్‌ఫ్లై పూర్తిగా మూసుకోవడం లేదు, లేదా దాంతో పనిలేకుండా గాలి ఇంకో దారిలో లోపలికి పోతోంది. ఈ రెండూ కాకపోతే అప్పుడు టైమింగ్‌ను, అంటే ప్లగ్‌లో నిప్పురవ్వ పడే సమయాన్ని, అనుమానించాలి. మామూలుగా షెడ్లలో దీన్ని తిరగేసి చేస్తారు, ముందు టైమింగ్ మీదే చెయ్యి పడుతుంది.

మాకూ అదే జరిగింది. ఒకాయన డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్‌లకి కరెంటు పంచే భాగం) కొంచెం తిప్పి టైమింగ్ వెనక్కి పెట్టేశాడు. ఐడ్లింగ్ వెంటనే దిగింది, మేమూ సంతోషించాం. ఆ వేసవిలో దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కుతుంటే బండికి ఊపిరాడలేదు. సెకండ్ గేర్‌లో కూడా లాగడం లేదు, టెంపరేచర్ ముల్లు పైకి పోతోంది. మూడుసార్లు ఆపి బానెట్ ఎత్తాం. టైమింగ్ వెనక్కి ఉంటే పవర్ తగ్గుతుంది, ఇంజన్ వేడెక్కుతుంది. అంటే అసలు రోగం అలాగే ఉంది, పైగా ఇంకో రోగం తోడైంది. ఇంటికి తిరిగొచ్చాక నేనే కూర్చుని చూడటం మొదలుపెట్టాను.

మీరు చేయాల్సిన మొదటి పని ఒక్క నిమిషంది. ఇంజన్ బాగా వేడెక్కాక, న్యూట్రల్‌లో హ్యాండ్‌బ్రేక్ వేసి, చోక్ (చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయడానికి లాగే నాబ్) పూర్తిగా లోపలికి నెట్టేయండి. కార్బొరేటర్ పక్కన, బటర్‌ఫ్లైని తిప్పే థ్రాటిల్ లివర్‌ను మూసుకునే వైపుకి వేలితో గట్టిగా నొక్కండి. చొక్కా చేతులు, కండువా ఫ్యాన్ దగ్గరికి పోకుండా చూసుకోండి. నొక్కగానే రేస్ దిగితే మీ సమస్య సగం తేలిపోయినట్టే. రిటర్న్ స్ప్రింగ్ సాగిపోయి ఉంటుంది, లేదా లింకేజీ జిడ్డు, దుమ్ము పట్టి బిగుసుకుని ఉంటుంది, లేదా పెడల్ కింద మ్యాట్ అడ్డం పడుతూ ఉంటుంది. చోక్ కేబుల్ కూడా చూడండి. ఎస్‌యూలో చోక్ లాగితే జెట్ (పెట్రోల్ వచ్చే సన్నటి గొట్టం) కిందికి దిగడమే కాదు, ఒక క్యామ్ తిరిగి థ్రాటిల్‌ని కొంచెం తెరుస్తుంది. చోక్ పూర్తిగా లోపలికి నెట్టాక ఆ క్యామ్‌కీ ఫాస్ట్ ఐడిల్ స్క్రూకీ మధ్య కాస్త సందు కనిపించాలి. ఆనుకుని ఉంటే చోక్ సగం లాగి నడుపుతున్నట్టే లెక్క.

నొక్కినా దిగకపోతే గాలి వేరేచోట పడుతోంది. ఎయిర్ ఫిల్టర్ విప్పి కార్బొరేటర్ నోటిని అరచేత్తో పూర్తిగా మూయండి. మంచి ఇంజన్ వెంటనే ఆగిపోతుంది. ఆగకుండా తడబడుతూ తిరుగుతూనే ఉంటే దానికి ఇంకో ముక్కు ఉన్నట్టు. ఆ ముక్కు మేనిఫోల్డ్ (ఇంజన్‌లోకి గాలి తీసుకెళ్లే గొట్టాలు) ప్యాకింగ్ కావచ్చు, కార్బొరేటర్ కింద ఉండే ఇన్సులేటర్ ప్యాకింగ్ కావచ్చు, బ్రేక్‌కి సర్వో (బ్రేక్ బలం పెంచే డబ్బా) ఉన్న బండైతే దాని గొట్టం కావచ్చు.

దాన్ని వెతకడానికి కొందరు పెట్రోల్ చల్లుతారు. దయచేసి ఆ పని చేయకండి. అంబాసిడర్‌లో కార్బొరేటర్‌కి సరిగ్గా కిందే బాగా కాలిన ఎగ్జాస్ట్ (పొగ బయటికి పోయే) మేనిఫోల్డ్ ఉంటుంది. నేను మందుల షాపులో ఒక సిరంజి కొని అందులో సబ్బు నీళ్లు నింపుకున్నాను. నీళ్లు కూడా ఒలకబోయకూడదు, వేడి మేనిఫోల్డ్ మీద పడితే అది పగలొచ్చు. ఒక్కో అతుకు దగ్గర రెండేసి చుక్కలు చాలు. ప్యాకింగుల దగ్గర ఏమీ మారలేదు. చివరికి బటర్‌ఫ్లై తిరిగే స్పిండిల్, కార్బొరేటర్ బాడీలోంచి బయటికి వచ్చేచోట చుక్కలు వదిలాను. నురగ అక్కడ నిలవలేదు, గుటుక్కున లోపలికి పోయింది. ఇంజన్ శబ్దం అర క్షణం కిందికి జారి మళ్లీ లేచింది. ఇంకో రెండు చుక్కలు వేశాను, మళ్లీ అదే. ఇంజన్ ఆపి స్పిండిల్‌ను వేళ్లతో పట్టుకుని ఊపితే టకటకమని ఆడింది. రెండేళ్ల తిప్పలకి కారణం అదీ!

స్పిండిల్ అరిగితే రెండు నష్టాలు. ఆ సందులోంచి గాలి పడుతుంది. ఆపైన బటర్‌ఫ్లై ప్రతిసారీ ఒకేచోట మూసుకోదు, ఒకసారి దిగుతుంది, ఒకసారి దిగదు. ఇంకో తిరకాసు ఉంది. బటర్‌ఫ్లై కొంచెం తెరుచుకుని ఉండిపోతే, దాని అంచు దగ్గరే ఉండే వ్యాక్యూమ్ రంధ్రం బయటపడి డిస్ట్రిబ్యూటర్ అడ్వాన్స్ (టైమింగ్‌ను ముందుకు జరిపే ఏర్పాటు) ఐడ్లింగ్‌లోనే పనిచేయడం మొదలవుతుంది. రేస్ ఇంకా పెరుగుతుంది. అందుకే చూసేవాళ్లకి టైమింగ్ తప్పులా కనిపిస్తుంది.

మేం విజయవాడ ఆటోనగర్‌లో లేత్ పని చేసే ఆయన దగ్గర బాడీలో అరిగిన రంధ్రాలకి బుష్‌లు (సన్నటి గొట్టాల్లాంటి తొడుగులు) వేయించి కొత్త స్పిండిల్ పెట్టించాం. మీరూ చేయిస్తే పక్కనే ఉండి రెండు విషయాలు చూడండి. బిగించాక బటర్‌ఫ్లై మూసి వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే అంచు చుట్టూ ఎక్కడా వెలుగు గీత కనిపించకూడదు. కనిపిస్తే బటర్‌ఫ్లైని పట్టి ఉంచే స్క్రూలు వదులు చేసి మళ్లీ సర్దాలి. ఆ స్క్రూల చివర్లు చీలి ఉంటాయి. కొత్త స్క్రూలే వేసి, ఆ చీలికను కాస్త విప్పాలి. లేకపోతే ఎప్పుడో ఒకరోజు స్క్రూ ఊడి ఇంజన్‌లోకి పోతుంది.

ఆ తర్వాతే ట్యూనింగ్. ఇన్నాళ్లూ దొంగగాలికి సరిపోయేలా పెట్రోల్ పెంచి ఉంటారు కాబట్టి, గాలి ఆగగానే బండి నల్లపొగ వదులుతుంది, కంగారు పడకండి. జెట్‌ను బ్రిడ్జ్‌కి (గాలి దారిలో జెట్ బయటికి వచ్చే గట్టు) సమానంగా పైకి తెచ్చి, జెట్ కింద ఉండే నట్టు రెండు పూర్తి చుట్లు కిందికి తిప్పి అక్కడినుంచి మొదలుపెట్టండి. టైమింగ్‌ను టైమింగ్ లైట్ పెట్టి ఉండాల్సిన చోటికి తేవాలి. ఐడ్లింగ్ స్క్రూ అన్నిటికంటే ఆఖర్న.

ముందు ఆ లివర్ నొక్కి చూసి ఏమైందో రాయండి. రేస్ ఇచ్చి వదిలాక వెంటనే దిగుతోందా, మెల్లగా జారుతోందా అన్నది కూడా చెప్పండి. మెల్లగా జారుతుంటే డిస్ట్రిబ్యూటర్ లోపల అడ్వాన్స్ వెయిట్ల స్ప్రింగులు కూడా ఒకసారి విప్పి చూడాల్సి రావచ్చు.