బాబుకు కిడ్నీ జబ్బు మళ్లీ మళ్లీ తిరగబెడుతోంది.. డయాలసిస్ దాకా వెళ్తుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర ఒక పల్లె. మా బాబుకు నాలుగున్నరేళ్లు, బరువు 16 కిలోలు. మూడేళ్ల వయసులో ఒకరోజు పొద్దున్నే కళ్లు ఉబ్బి కనిపిస్తే ఎలర్జీ అనుకుని కంట్లో చుక్కలు వేశాం. వారం తిరిగేసరికి కాళ్లకు, పొట్టకు నీరు పట్టింది. పరీక్షలు చేసి నెఫ్రోటిక్ సిండ్రోమ్ అన్నారు. స్టెరాయిడ్ మాత్రలతో తగ్గింది కానీ, గడిచిన ఏడాదిలో నాలుగుసార్లు తిరగబెట్టింది. ప్రతిసారీ జలుబుతోనే మొదలవుతోంది. ఊరికే చిరాకు పడుతున్నాడు, రాత్రి పదకొండింటికి లేచి అన్నం అడుగుతున్నాడు. ముఖం గుండ్రంగా అయిపోయిందని భయపడి ఒకసారి మధ్యలోనే మందు ఆపేశాను. మాది ఉద్దానం కాబట్టి ఇదీ ఆ కిడ్నీ జబ్బేనని, డయాలసిస్ దాకా పోతుందని చుట్టుపక్కల వాళ్లు అంటున్నారు. మా మామగారు ఆ జబ్బుతోనే పోయారు. మా అత్తగారు పసరు మందు ఇప్పిద్దామంటున్నారు. మా వారు విశాఖలో పనిచేస్తారు, నెలకు రెండుసార్లు వస్తారు. రోజూ నిద్ర లేవగానే భయంభయంగా వాడి కళ్ల వంకే చూస్తాను. ఇది నా వల్ల జరిగిందా? ఈ మందులు ఎన్నాళ్లు వాడాలి? జూన్‌లో బడికి పంపవచ్చా?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంతో పాటు పంపిన రిపోర్టులన్నీ చూశాను. మిమ్మల్ని అన్నింటికంటే ఎక్కువగా కుదిపేస్తున్న సందేహానికే ముందుగా జవాబు చెబుతాను. మీ బాబుకు ఉన్నది ఉద్దానం కిడ్నీ జబ్బు కాదు. పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి వంటి మండలాల్లో ఇన్నేళ్లుగా కనిపిస్తున్న ఆ జబ్బు పెద్దవాళ్లకు వచ్చేది. అందులో కిడ్నీ లోపలి కణజాలం ఏళ్ల తరబడి, పైకి ఏమీ తెలియకుండా గట్టిపడిపోతుంది. మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు, ఒంటికి నీరు పట్టడం కూడా తొలి దశలో ఉండదు, రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన ఒక వ్యర్థం) మాత్రం నెమ్మదిగా పెరుగుతూ పోతుంది. దాని కచ్చితమైన కారణం ఈనాటికీ తేలలేదు. మీ బాబు విషయంలో ఇదంతా తలకిందులుగా ఉంది. ప్రొటీన్ విపరీతంగా పోతోంది, నీరు పడుతోంది, క్రియాటినిన్ మాత్రం 0.4 దగ్గరే, అంటే ఆ వయసు పిల్లలకు ఉండవలసినంతే ఉంది. తాతగారి జబ్బుకూ మనవడి జబ్బుకూ ‘కిడ్నీ’ అనే మాట తప్ప వేరే పోలిక లేదు. మీ ఊరి నీళ్లు తాగడం వల్ల వచ్చిందన్నదీ నిజం కాదు. ఈ జబ్బు హైదరాబాద్‌లోనూ, అమెరికాలోనూ ఇదే వయసు పిల్లలకు వస్తుంది.

మన కిడ్నీల్లో రక్తాన్ని వడకట్టే జల్లెడలు లక్షల్లో ఉంటాయి. వ్యర్థాలను వదిలేసి, ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌ను రక్తంలోనే నిలిపి ఉంచడం వాటి పని. నెఫ్రోటిక్ సిండ్రోమ్‌లో రోగనిరోధక వ్యవస్థలో వచ్చే ఏదో తేడా వల్ల ఆ జల్లెడ కన్నాలు కొంతకాలం వదులవుతాయి, ఆల్బుమిన్ మూత్రంలోకి జారిపోతుంది. రక్తంలో నీటిని పట్టి ఉంచడంలో ఆల్బుమిన్‌ది పెద్ద పాత్ర కాబట్టి, అది తగ్గినప్పుడు నీరు రక్తనాళాల్లోంచి బయటికి వచ్చి కళ్ల కింద, పాదాల్లో, పొట్టలో చేరుతుంది. రాత్రంతా పడుకుని ఉంటారు కనుక పొద్దున్న కళ్ల దగ్గర, సాయంత్రానికి కాళ్ల దగ్గర ఎక్కువగా తెలుస్తుంది. మొదటిసారి మీరు కంటి ఎలర్జీ అనుకోవడంలో వింతేమీ లేదు, చాలామంది పిల్లలకు మొదటి వారం అలాగే గడిచిపోతుంది. మీ తిండి వల్లనో, మీ అజాగ్రత్త వల్లనో ఈ జబ్బు రాలేదు. గర్భంతో ఉన్నప్పుడు మీరు చేసిన ఏ పనికీ దీనితో సంబంధం లేదు.

ఈ వయసులో ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో పది మందికి ఎనిమిది, తొమ్మిది మంది స్టెరాయిడ్‌తో కోలుకుంటారు. అలా కోలుకున్న వారిలో ఎక్కువ మందికి కనీసం ఒకసారైనా జబ్బు తిరగబెడుతుంది, దాదాపు సగం మందికి మీ బాబులాగే పదేపదే తిరగబెడుతుంది. కనుక తిరగబెట్టడం ఈ జబ్బు స్వభావమే గానీ, వైద్యం పనిచేయలేదనడానికి గుర్తు కాదు. భవిష్యత్తు ఎలా ఉంటుందో చెప్పడానికి మా వైద్యులు చూసేది ఎన్నిసార్లు వచ్చిందని కాదు, వచ్చిన ప్రతిసారీ మందుకు లొంగిందా లేదా అని. మీ బాబుకు నాలుగుసార్లూ పది, పన్నెండు రోజుల్లోనే మూత్రంలో ప్రొటీన్ ఆగిపోయింది. అలా లొంగుతున్నంత కాలం కిడ్నీలు పాడై డయాలసిస్ దాకా వెళ్లడం చాలా అరుదు. యుక్తవయసు వచ్చేసరికి ఎక్కువ మంది పిల్లల్లో ఇది ఆగిపోతుంది, కొద్దిమందికి మాత్రం ఆ తర్వాత కూడా అప్పుడప్పుడూ కనిపిస్తుంది. ఇది నెలల్లో తేలే వ్యవహారం కాదని, కొన్నేళ్లు దీనితో కలిసి నడవాల్సి ఉంటుందని మీకు దాచకుండా చెబుతున్నాను.

ఇక మందు మధ్యలో ఆపిన సంగతి. మిమ్మల్ని నిందించడానికి కాదు గానీ, ఇది మళ్లీ ఎప్పుడూ జరగకూడదు. ప్రెడ్నిసలోన్, అంటే బాబుకు ఇస్తున్న స్టెరాయిడ్ మాత్ర, కొన్ని వారాలు వరుసగా వాడినప్పుడు, కిడ్నీల మీద టోపీలా ఉండే అడ్రినల్ గ్రంథులు తాము తయారు చేయాల్సిన స్టెరాయిడ్‌ను తయారు చేయడం తగ్గించేస్తాయి. అలాంటప్పుడు మాత్రను ఒక్కసారిగా ఆపేస్తే జ్వరం, వాంతులు వచ్చిన రోజున ఒంటికి తట్టుకునే శక్తి ఉండదు. బిడ్డ నీరసపడి స్పృహ తప్పే ప్రమాదం కూడా ఉంది. అందుకే జబ్బు తిరగబెట్టినప్పుడు మూత్రంలో ప్రొటీన్ ఆగేవరకు రోజూ, ఆ తర్వాత మోతాదు తగ్గించి కనీసం నాలుగు వారాలు రోజు విడిచి రోజు ఇస్తాం. రోజు విడిచి రోజు ఇచ్చే మాత్ర ఎదుగుదల మీద పడే దెబ్బను తగ్గిస్తుంది కూడా. పొద్దున్న ఏదైనా తిన్న తర్వాత ఒకేసారి వేయండి. గుండ్రటి ముఖం, ఉబ్బిన బుగ్గలు మోతాదు తగ్గిన కొన్ని నెలల్లో వాటంతటవే పోతాయి. మీరు చెప్పిన చిరాకు, రాత్రి పదకొండింటికి లేచి అన్నం అడగడం వాడి మొండితనం కాదు, మందు పుట్టించే ఆకలి. దానికి వాడిని కోప్పడకండి. స్టెరాయిడ్ వల్ల నిజంగా గమనించాల్సినవి ఎత్తు, రక్తపోటు, కళ్లు, ఎముకలు. అందుకే డాక్టర్ దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ ఎత్తు కొలిపించి, బీపీ చూపించి, ఏడాదికి ఒకసారైనా కంటి డాక్టర్ చేత శుక్లం కోసం పరీక్ష చేయించండి. కాల్షియం, విటమిన్ డి గురించి మీ డాక్టర్‌ను అడగండి.

మీరు రోజూ వాడి కళ్లు చూస్తున్నానని రాశారు. ఆ పని మానుకుని దాని బదులు ఒక చిన్న పరీక్ష మొదలుపెట్టమని కోరుతున్నాను, ఎందుకంటే కళ్లు ఉబ్బేసరికి ప్రొటీన్ పోవడం మొదలై చాలాసార్లు కొన్ని రోజులు గడిచిపోయి ఉంటుంది. మందుల షాపులో మూత్రంలో ప్రొటీన్ చూసే స్ట్రిప్పుల డబ్బా దొరుకుతుంది. పొద్దున్న లేవగానే మొదటి మూత్రం శుభ్రమైన చిన్న గిన్నెలో పట్టి, స్ట్రిప్పు చివర ఉన్న రంగు గడిని అందులో ఒక్క క్షణం ముంచి తీసి, గిన్నె అంచుకు ఆనించి ఎక్కువైన తడిని వదిలించి, డబ్బా మీద రాసి ఉన్న సమయం పూర్తయ్యాక, సాధారణంగా నిమిషం లోపే, డబ్బా మీది రంగులతో వెలుతురులో పోల్చి చూడండి. పసుపుగానే ఉంటే ప్రొటీన్ లేనట్టు. ఆకుపచ్చ ముదిరేకొద్దీ ఒకటి, రెండు, మూడు, నాలుగు ప్లస్సులు. మీది సముద్రపు గాలి తగిలే ప్రాంతం, తేమ తగిలితే స్ట్రిప్పులు పాడవుతాయి కనుక డబ్బా మూత వెంటనే బిగించండి, ఫ్రిజ్‌లో పెట్టకండి. బాగున్న రోజుల్లో వారానికి రెండు మూడుసార్లు చూస్తే సరిపోతుంది. జలుబు, జ్వరం, విరేచనాలు ఉన్నప్పుడు మాత్రం రోజూ చూడాలి.

ఒక నోటుపుస్తకంలో తేదీ, ప్లస్సులు, ఆ రోజు వేసిన మాత్ర, బరువు, జలుబు ఉందా లేదా అన్నది ఒక్క వరుసలో రాసిపెట్టండి. వరుసగా మూడు రోజులు మూడు లేదా అంతకంటే ఎక్కువ ప్లస్సులు వస్తేనే జబ్బు తిరగబెట్టిందని అంటాం. జలుబు చేసినప్పుడు ఒకటి రెండు రోజులు రెండు ప్లస్సులు కనిపించి, దానంతటదే తగ్గిపోవడం మామూలే. అప్పుడు కంగారుపడి మాత్రలు పెంచకండి. మూడో రోజు కూడా మూడు ప్లస్సులుంటే ఆ రోజే డాక్టర్‌కు ఫోన్ చేయండి. నీరు పట్టకముందే మందు మొదలైతే ఆసుపత్రిలో చేరే అవసరం చాలావరకు తప్పుతుంది. మంచి నోటుపుస్తకం తెచ్చిన తల్లి ఎదురుగా కూర్చుంటే నాకు సగం నిర్ణయం అక్కడే అయిపోతుంది. అది లేనప్పుడు నేను ఊహ మీద మందు రాయాల్సి వస్తుంది.

ఏడాదిలో నాలుగుసార్లు అంటే మీ బాబు తరచూ తిరగబెట్టే కోవలోకి వస్తాడు. కనుక ఇకపై ప్రతిసారీ కొత్తగా మందు మొదలుపెట్టడం కాకుండా, రాబోయే ఏడాదికి ఒక ప్రణాళిక కావాలి. పిల్లల కిడ్నీ నిపుణులను ఒకసారి కలవండి. ఎలాగూ మీ వారు విశాఖలోనే ఉన్నారు కాబట్టి అక్కడికి వెళ్లడం సులువు. తక్కువ మోతాదు ప్రెడ్నిసలోన్ రోజు విడిచి రోజు ఆరు నెలల నుంచి ఏడాది వరకు కొనసాగించడం ఒక పద్ధతి. జలుబు, జ్వరం వచ్చినప్పుడు అదే మోతాదును ఐదారు రోజులు రోజూ ఇవ్వమని కొందరు పిల్లల విషయంలో చెబుతారు, అది మీ బాబుకు వర్తిస్తుందో లేదో ముందే అడిగి రాయించుకోండి. దానితో ఆగకపోయినా, ఎత్తు పెరగడం మందగించినా లెవమిసోల్, మైకోఫినొలేట్ వంటి స్టెరాయిడ్ అవసరాన్ని తగ్గించే మందులున్నాయి. వాటికి క్రమం తప్పకుండా రక్తపరీక్షలు కావాలి. మందుకు లొంగుతున్న బిడ్డకు ఇప్పుడే కిడ్నీ బయాప్సీ (కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) అక్కర్లేదు.

తిండి విషయంలో ఇళ్లలో పెట్టే కట్టుబాట్లు ఎక్కువ, అవసరమైనవి తక్కువ. నీరు పట్టి ఉన్న రోజుల్లో ఉప్పు బాగా తగ్గించాలి: ఎండు చేపలు, ఆవకాయ, అప్పడాలు, చిప్స్ ప్యాకెట్లు పూర్తిగా పక్కన పెట్టండి. నీరు తగ్గాక మామూలు ఇంటి వంటే పెట్టవచ్చు, చప్పిడి కూడు నెలల తరబడి పెట్టి బిడ్డను ఏడిపించనక్కర్లేదు. ప్రొటీన్ పోతోంది కదా అని రోజుకు నాలుగు గుడ్లు కుక్కడం, కిడ్నీ జబ్బు కదా అని పప్పు మాన్పించడం, రెండూ తప్పే. అందరిలాగే పప్పు, పాలు, గుడ్డు, చేప తినాలి. రాత్రి ఆకలికి జామపండు, కీరా, ఉడకబెట్టిన తేగలు ఇవ్వండి. నీళ్లు తగ్గించమని డాక్టర్ చెబితే తప్ప మీరుగా తగ్గించకండి.

పసరు మందు గురించి అత్తగారికి గౌరవంగానే, కానీ గట్టిగా వద్దని చెప్పండి. ఆమె మనవడి మీద ప్రేమతోనే అంటున్నారు, భర్తను పోగొట్టుకున్న మనిషి ఆ భయంతో మాట్లాడటం సహజం. అయితే నాటు మందుల్లో కొన్నింటిలో పాదరసం, సీసం వంటి లోహాలు ఉండి, బాగున్న కిడ్నీని కూడా దెబ్బతీస్తాయి. పైగా పసరు మొదలుపెట్టిన ఇళ్లలో మాత్రలు ఆగిపోతుంటాయి. నొప్పికో జ్వరానికో ఐబూప్రోఫెన్ వంటి మందులు కూడా వద్దు, పారాసెటమాల్ సరిపోతుంది.

ఈ లక్షణాల్లో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకండి: జ్వరంతో పాటు కడుపునొప్పి, కాలో చెయ్యో ఒకవైపే వాచి నొప్పి పుట్టడం, తీవ్రమైన తలనొప్పి, మగతగా ఉండటం, మూర్ఛ, ఊపిరి ఆడకపోవడం, వాంతులతో మాత్ర నిలవకపోవడం, మూత్రం బాగా తగ్గిపోవడం. ప్రొటీన్‌తో పాటు ఇన్ఫెక్షన్లను ఎదిరించే పదార్థాలు కూడా మూత్రంలో పోతాయి, రక్తం గడ్డకట్టే గుణమూ పెరుగుతుంది. అందుకే ఇంత జాగ్రత్త. ఏ ఆసుపత్రికి వెళ్లినా ‘మా బాబు స్టెరాయిడ్ మీద ఉన్నాడు’ అన్నదే మీ మొదటి మాట కావాలి. గడిచిన ఏడాదిలో వాడి ఆపేసినా సరే, ఆ సంగతి చెప్పండి.

ఇప్పుడు మీ గురించి. ఏడాదిన్నరగా ఇంట్లో ఈ జబ్బును ఒక్కరే మోస్తున్నారని మీ ఉత్తరం చదివితే అర్థమవుతోంది. స్ట్రిప్పు చూడటం అత్తగారికి నేర్పండి. వారంలో ఒక పొద్దున్న ఆమె చూస్తే, పసుపు రంగు ఆమె కంటితోనే కనిపిస్తుంది, పసరు మాట కూడా తగ్గుతుంది. నోటుపుస్తకంలో ఆ రోజు వరుసను ఫోటో తీసి మీ వారికి పంపండి. డాక్టర్‌తో ఫోన్‌లో మాట్లాడే పని, మందులు అయిపోకముందే కొని పంపే పని వారికి అప్పగించండి. మీకు నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు రావడం, తిండి సహించకపోవడం రెండు వారాలకు మించి ఉంటే, బాబును చూపించేటప్పుడు మీ సంగతి కూడా డాక్టర్‌కు చెప్పండి. దీర్ఘకాలం జబ్బుతో ఉన్న పిల్లల తల్లుల్లో ఇది చాలామందికి ఉంటుంది, దానికి వైద్యమూ ఉంది.

టీకాల పుస్తకం తీసుకుని ఒకసారి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. న్యుమోకోకల్ టీకా, ఏటా ఫ్లూ టీకా ఈ పిల్లలకు తప్పకుండా కావాలి. ఎక్కువ మోతాదు స్టెరాయిడ్ నడుస్తున్నప్పుడు, ఆపాక నాలుగు వారాల వరకు, సజీవ సూక్ష్మక్రిములతో తయారైన టీకాలు వేయకూడదు. పల్స్ పోలియో వాళ్లు ఇంటికి వచ్చి చుక్కలు వేస్తామంటే, బాబు స్టెరాయిడ్ మీద ఉన్నాడని చెప్పి డాక్టర్‌ను అడిగాకే వేయించండి. ఆటలమ్మ టీకా కూడా మోతాదు బాగా తగ్గిన సమయం చూసుకుని వేయించాలి.

జూన్‌లో బడికి నిశ్చింతగా పంపండి. ఆటలు మాన్పించవద్దు, వేరుగా కూర్చోబెట్టవద్దు. టీచరుకు మాత్రం ఒక చీటీ రాసి ఇవ్వండి: బాబు రోజు విడిచి రోజు మాత్ర వేసుకుంటున్నాడని, ముఖం ఉబ్బినట్టు అనిపిస్తే ఇంటికి కబురు చేయమని, తరగతిలో ఎవరికైనా ఆటలమ్మ పోస్తే ఆ రోజే మీకు చెప్పమని. ఆటలమ్మ ఉన్న బిడ్డ పక్కన కూర్చున్నాడని తెలిస్తే పొక్కులు వచ్చేదాకా చూడకుండా అదే రోజు డాక్టర్‌కు ఫోన్ చేయండి. దాన్ని అడ్డుకునే ఇంజెక్షన్ తొలి రోజుల్లో ఇస్తేనే బాగా పనిచేస్తుంది.

– పిల్లల కిడ్నీ వ్యాధుల నిపుణులు