ఆశా కార్యకర్త వచ్చి అడిగితే విరేచనాల సంగతి చెప్పాలా, దాచాలా?

ఊరికి చెడ్డపేరు వస్తుందని మీ ఇంట్లోవాళ్ళు వద్దంటున్నారని రాశారు. చెప్పేయండి. మేం దాచి చూశాం.

మాది శ్రీకాకుళం జిల్లా, ఆమదాలవలస దగ్గర ఊరు. కొన్నేళ్ళ కిందట వానాకాలంలో ఒక రాత్రి అమ్మకి మొదలయ్యాయి. కలరాలో పోయినట్టు, బియ్యం కడిగిన నీళ్ళలా పోతూనే ఉంది. తెల్లారేసరికి కళ్ళు లోపలికి పోయాయి. చేతి మీద చర్మం గిల్లి వదిలితే ముడత అలాగే నిలబడింది. ఆర్‌ఎంపీ సెలైన్ ఎక్కించి యాంటీబయాటిక్ ఇచ్చాడు. మధ్యాహ్నం ఆశా వస్తే నాన్న "మా ఇంట్లో ఎవరికీ ఏం లేదమ్మా" అని పంపించేశారు. ఆ వారమే చెల్లి పెళ్ళిచూపులు, టెన్షన్ అదీ. (ఆ సంబంధం ఎలాగూ కట్నం దగ్గర తప్పిపోయింది.)

మూడో రోజుకి మరో రెండిళ్ళలో మొదలయ్యాయి. అప్పుడు నిజం చెప్పాం. ఏఎన్‌ఎం (నర్సమ్మ) గారు పత్తిపుల్లతో శాంపిల్ తీసి, ల్యాబ్‌కి చేరేదాకా పాడవకుండా ఉంచే క్యారీ బ్లెయిర్ గొట్టంలో పెట్టి పంపారు. ల్యాబ్‌లో క్రిముల్ని పెంచి చూసే కల్చర్ పరీక్షలో ఏమీ పెరగలేదు. మందు పడ్డాక తీస్తే అంతేనట. కానీ ల్యాబ్ సంగతి తేలకముందే ఆవిడ నోట్‌బుక్‌లో దొరికిపోయింది: మూడిళ్ళకీ కుళాయి లైను ఒకటే, మురుగు కాలువలోంచి పోతోంది, జాయింట్ దగ్గర లీకు.

ఏఎన్‌ఎం రాసుకునే అలాంటి లెక్కలు ఇప్పుడు ఐహెచ్‌ఐపీ అనే ఆన్‌లైన్ వ్యవస్థలోకి ఎక్కుతాయి. ఒకే ఊళ్ళో కేసులు పెరిగితే జిల్లా వ్యాధుల నిఘా విభాగానికి కనబడుతుంది. కలరా లేని చోటైనా సరే, రెండేళ్ళు నిండినవాళ్ళకి నీళ్ళ విరేచనాలై ఒంట్లో నీరు బాగా పడిపోతే దాన్ని కలరా అనుమానంగానే చూడాలి.

మా నాన్న భయం దేశాలకీ ఉంది. 1991లో పెరూలో కలరా బయటపడగానే కొన్ని దేశాలు అక్కడి చేపలు కొనడం ఆపేశాయి. మరి ఎవరు నోరు విప్పుతారు? 2023లో ప్రపంచమంతా కలిపి లెక్కకొచ్చినవి సుమారు 5 లక్షల 35 వేల కేసులు. ఏటా అసలు వచ్చేవి 13 నుంచి 40 లక్షలని అంచనా. 2030కల్లా కలరా మరణాలు 90 శాతం తగ్గించాలని 2017లో పెట్టుకున్న లక్ష్యం ఈ చిల్లు లెక్కల మీదే నడుస్తోంది.

ఓఆర్‌ఎస్ మాత్రం ఎవరి కోసమూ ఆపకండి, వెంటనే మొదలుపెట్టండి. శాంపిల్ తీసే వీలుంటే యాంటీబయాటిక్‌కి ముందే తీయమనండి. ఆశాకి ఏ రోజు మొదలైందో, ఏ కుళాయి నీళ్ళు తాగారో చెప్పండి. మా దగ్గర పనికొచ్చినవి ఆ రెండే.